మీటరుకు మూడు

ఆరున్నరకి రాజానుకుంటెలో బస్సు దిగేసరికి
పొలం ఇంకా చలికి ముడుచుకునే ఉంటుంది.
"మంచు ఆరకముందే చూడల్ల" అంటుంది చౌడక్క.
"ఎండెక్కినాక పురుగు మట్టిలో దూరి
నిన్నే లెక్కపెడతాది."

నా సంచిలో ఒక తెల్లగుడ్డ,
పాత పంచె చింపినది, సరిగ్గా మీటరు.
భూతద్దం. పెన్సిలు.
తడిచేతికి పెన్ను రాయదు.
మూతిమీద గుడ్డ కట్టిన సీసాలో కిరోసిన్ నీళ్ళు.

రెండు సాళ్ళ మధ్య గుడ్డ పరుస్తాను,
చంటిబిడ్డ కింద పొత్తిగుడ్డ పరిచినట్టు.
మోకాలెత్తు సోయా మొక్కల్ని ఒడిలోకి వంచి
గట్టిగా దులుపుతాను.
రాలుతాయి:
పూత, ఎండుటాకు, సాలీడు,
నడుము విల్లులా ఎత్తి
గుడ్డను జానలతో కొలిచే పచ్చపురుగు,
మెడకింద నల్లమచ్చలతో లద్దెపురుగు,
చుట్టుకుపోయి చచ్చినట్టు నటిస్తూ.

గట్టుపక్కన చూసి ఇంతే అని రాయకూడదు.
గట్టు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది.
అడ్డంగా, వంకరగా, తాగినవాడిలా నడవాలి.
ఇరవై చోట్ల.
తల వాల్చిన కొమ్మ కనిపిస్తే ఆగాలి:
కాండం చుట్టూ గాజుల్లా రెండు గాట్లుంటే పెంకుపురుగు.
గాట్లు లేకుంటే గోటితో చీల్చాలి.
లోపల ఎర్రటి దారి ఉంటే
ఈగపిల్ల ఎప్పుడో నడిచి వెళ్ళిపోయింది.

పదింటికి స్కూటరు మీద మునియల్లప్ప,
కాళ్ళ మధ్య మందు డబ్బా.
పక్క పొలంలో నంబర్లు వేసిన రాళ్ళు పాతారు,
ఆయన అటు చూడడు.
"కొట్టేద్దామా?"
"మీటరుకు మూడే అప్పా. నాలుగు దాటల్ల."
"మూడుంటే ఉన్నట్టే కదమ్మా! తేలు ఒక్కటే ఉంటే
పక్కలో పడుకుంటావా?"
నా దగ్గర జవాబు లేదు. పుస్తకం ఉంది.
"రెండు దినాలు" అన్నాను.

సాయంత్రం బస్సులో, యలహంక దాటేటప్పుడు
నా చేతిమీద చక్కిలిగింత.
రవికె అంచును జానలతో కొలుస్తూ
ఒక పచ్చపురుగు.
ఎక్కడి నుంచి వచ్చావే నువ్వు?
ఏ మీటరులోదానివి?

ఆ రాత్రి జడివాన.
రేకుల మీద చినుకుల చప్పుడంతా
నమిలే చప్పుడుగా వినిపించింది.
మూడుకి ఒకటి కలిపితే నాలుగు.
దానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మూడోనాడు చౌడక్కతో చెప్పేశాను.
పడిపడి నవ్వింది.
"నా కొంగులో పడి ఎన్ని ఊరు చేరినాయో!
ఒక్కచోట తప్పు పోతాదనే కదే
ఇరవై చోట్ల చూసేది."

తడిసిన ఆకుల మీద అక్కడక్కడా
సుద్దముక్కల్లా బిగుసుకుపోయిన పురుగులు.
బూజు పట్టింది.
వాన ఎవరినీ అడక్కుండా
తన మందు తాను కొట్టిపోయింది.

అంతటా కాదు.
ఆముదం చెట్ల పక్క మడిలో మీటరుకు ఆరు.
ఆకులు జల్లెడలు.
ఆ మడి ఒక్కటీ కొట్టించాం.
మునియల్లప్ప మిగిలిన మందును ఊపి చూసుకుని
మూత బిగించాడు. ఏమీ అనలేదు.

వెళ్ళిపోయాడనుకున్నాను.
వెనక్కి చూస్తే సాళ్ళ మధ్య మోకాళ్ళ మీద ఉన్నాడు,
భుజం మీది తువ్వాలు నేల మీద పరిచి,
మొక్కల్ని భయంభయంగా దులుపుతూ:
"ఒందు... ఎరడు..."
ఆగిపోయి అరిచాడు,
"ఏమమ్మా, ఈ ఎర్రది? చుక్కలది?
దీన్ని లెక్కలో వేసేదా?"

"అది అక్షింతల పురుగప్పా.
ఊదకుండా వదిలెయ్,
అది మన పక్కం."